జేబులో పట్టే కెమెరా: డబ్బా మీది ఏ అంకె చూసి కొనాలి?

"అన్నా, మంచి డిజీక్యామ్ ఒకటి చెప్పవా? బడ్జెట్ పదిహేను వేలు." ఈ సెమిస్టర్ మొదలయ్యాక ఈ మాట నాకు కనీసం పదిసార్లు వినబడింది. మన క్లబ్బుకి కెమెరా కొనే పని నా మీద పడిందని తెలిశాక అడిగేవాళ్ళు ఇంకా పెరిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి నోరు నొప్పెడుతోంది కాబట్టి ఇక్కడే రాసేస్తున్నా. మధ్యలో కాస్త ఫిజిక్స్ వస్తుంది. ఇంటర్‌లో చదివింది గుర్తుంటే చాలు, ఏ బ్రాంచి వాళ్ళయినా భయపడక్కర్లేదు.

ముందు అసలు కొనాలా వద్దా అన్నది తేలాలి. 2010 ప్రాంతంలో ప్రపంచం మొత్తమ్మీద ఏడాదికి 10 కోట్లకు పైగా కాంపాక్ట్ కెమెరాలు ఫ్యాక్టరీల నుంచి బయటికెళ్ళేవి. 2023 వచ్చేసరికి ఆ లెక్క 20 లక్షల లోపుకి పడిపోయింది. 2018లో కాసియో అయితే ఈ వ్యాపారం నుంచే తప్పుకుంది. కారణం మీ చేతిలోనే ఉంది, ఫోను. మీరు బటన్ ఒక్కసారి నొక్కితే అది లోపల వరసగా అరడజను ఫ్రేములు తీసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి, సగటు కట్టి ఒకే ఫొటోగా ఇస్తుంది. పైగా ఇవాళ మధ్యరకం ధర ఫోన్లలో చాలావాటి మెయిన్ సెన్సార్, ఒకప్పటి మామూలు డిజీక్యామ్ సెన్సార్ కన్నా పెద్దది. కాబట్టి పట్టపగలు క్యాంటీన్ ముందు గ్రూప్ ఫొటో కోసమే అయితే పదిహేను వేలు ఖర్చు పెట్టొద్దు. ఆ డబ్బుతో ఫ్రెండ్స్‌ని తీసుకుని అరకు వెళ్ళి ఫోన్‌తోనే ఫొటోలు తీసుకోండి.

మరి కెమెరా ఎక్కడ గెలుస్తుంది? మా క్లబ్బు అవసరం చెబితే అర్థమవుతుంది.

పోయినేడు ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవానికి, అనంతపురం వైపు నుంచి తోలుబొమ్మలాట బృందాన్ని పిలిచాం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట పేరు మీలో కొందరు విని ఉంటారు. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. అలాంటి సంప్రదాయంలోంచి వచ్చిన కుటుంబమే వీళ్ళది కూడా. ఓపెన్ ఆడిటోరియంలో తెల్లని తెర కట్టి, వెనక బల్బులు పెట్టి, రెండు గంటలు లంకాదహనం ఆడారు. కనీసం యాభై ఫోన్లు లేచాయి. ఆట అయ్యాక బృందంలోని పెద్దాయన, "ఫొటోలుంటే మాకూ ఇయ్యండి నాయనా, ఇంగ ఎవరన్నా పిలిస్తే చూపించేకి ఉంటాయి" అని అడిగారు. ఒకదాని తర్వాత ఒకటి చూపించాం. కొన్నింట్లో తెర తెల్లగా వెలిగిపోయి బొమ్మల రంగులు పాలిపోయాయి. కొన్నింట్లో ఫ్లాష్ పడి తెర గుడ్డ నేత తప్ప ఇంకేం లేదు. ఇంకొన్నింట్లో ఆంజనేయుడి చేతులు అలుక్కుపోయాయి. ఆయన చాలాసేపు చూసి, "మా ఆంజనేయునికి ఎరుపే ల్యాకపాయనే" అన్నారు. తోలు మీద ఆ రంగులు వేసింది ఆయనే.

ఈ ఏడు అదే బృందం మళ్ళీ వస్తోంది. అందుకే సభ్యులందరి దగ్గరా వసూలు చేసి, పోయిన ఫెస్ట్‌లో పుస్తకాల స్టాల్ మీద మిగిలింది కూడా కలిపి, 22 వేలు పోగేశాం. హాస్టల్ మెస్ రిబేట్ తెచ్చి ఇచ్చిన ఫస్టియర్ వాళ్ళు కూడా అందులో ఉన్నారు. కాబట్టి ఏది పడితే అది కొనే పరిస్థితి లేదు. రెండో అవసరం కూడా ఒకటుంది. లైబ్రరీలో చెదలు పట్టకముందే పాత పత్రికల సంపుటాల్ని పేజీ పేజీ ఫొటో తీసి దాచాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నాం.

ఈ రెండు పనుల్నీ దృష్టిలో పెట్టుకుని డబ్బా మీది అంకెల్ని చూద్దాం.

అందరూ మొదట అడిగేది మెగాపిక్సెల్. 1975లో కొడాక్‌లో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు చేసిన మొట్టమొదటి డిజిటల్ కెమెరాకి ఉన్నది నిలువు 100, అడ్డం 100, అంటే పదివేల పిక్సెళ్ళు. మన భాషలో 0.01 మెగాపిక్సెల్. ఒక ఫొటో క్యాసెట్ మీద రికార్డవడానికి 23 సెకన్లు పట్టేది. ఆ రోజుల్లో ఈ అంకె ఎంత పెరిగితే అంత లాభం. ఇప్పుడు కాదు. మా పాత పత్రికల పని తీసుకోండి. తెలుగు అచ్చులో వొత్తులు, వట్రుసుడులు చాలా చిన్నవి, అవి విరగకుండా రావాలంటే అంగుళానికి 300 చుక్కలు ఉండాలి. ఏ4 కాగితానికి లెక్క వేస్తే 2480 ఇంటూ 3508, దాదాపు 87 లక్షల పిక్సెళ్ళు. 10 మెగాపిక్సెల్ కెమెరాతో పేజీని ఫ్రేమ్ నిండా పట్టిస్తే పని జరిగిపోతుంది. మన వాట్సాప్‌లకీ, ఇన్‌స్టాకీ అందులో పావు వంతు చాలు.

చాలినన్ని ఉన్నాక మరీ ఎక్కువైతే నష్టమేంటి అంటారా? ఇక్కడే ఫిజిక్స్ ఒక మెలిక పెడుతుంది. లెన్స్ ఎంత గొప్పదైనా ఒక వెలుగు చుక్కని చుక్కగా చూపించలేదు, చిన్న బిళ్ళలా చూపిస్తుంది. డిఫ్రాక్షన్ పాఠంలో ఎయిరీ డిస్క్ అని చదివాం చూడండి, అదే. ఆ బిళ్ళ వ్యాసం కావాలంటే 2.44ని కాంతి తరంగదైర్ఘ్యంతో, లెన్స్ ఎఫ్ నంబరుతో గుణించాలి. ఆకుపచ్చ కాంతికి 0.55 మైక్రాన్ వేసుకుందాం. చిన్న కాంపాక్ట్ కెమెరాల్ని పూర్తిగా జూమ్ చేస్తే లెన్స్ ఎఫ్ 7 దాకా మూసుకుపోవడం మామూలే. లెక్క చేస్తే బిళ్ళ 9.4 మైక్రాన్లు వస్తుంది. అదే కెమెరాలో 20 మెగాపిక్సెళ్ళు కుక్కితే ఒక్కో పిక్సెల్ వెడల్పు 1.2 మైక్రాన్ మాత్రమే. అంటే ఒక్క చుక్క ఎనిమిది పిక్సెళ్ళ వెడల్పున పరుచుకుంటుంది. డబ్బా మీద 20 అని ఉంటుంది, ఫొటోలో మాత్రం అంత వివరం ఉండదు. మెమరీ కార్డు నిండటం ఒక్కటే నిజం.

కాబట్టి అసలు చూడాల్సింది సెన్సార్ సైజు. కానీ కంపెనీలు దాన్ని రాసే పద్ధతి చూస్తే మన డ్రాయింగ్ సార్‌కి కోపం వస్తుంది. "1/2.3 అంగుళం", "1 అంగుళం" అని రాస్తారు. 1 అంగుళం సెన్సార్‌ని స్కేలు పెట్టి కొలిస్తే ఎక్కడా అంగుళం రాదు. అది 13.2 ఇంటూ 8.8 మిల్లీమీటర్లు, మూల నుంచి మూలకి కూడా 16 మిల్లీమీటర్లకి మించదు. ఈ పేర్లు పాత టీవీ కెమెరాల్లోని గాజు ట్యూబుల కాలం నాటివి. ట్యూబు బయటి వ్యాసం అంగుళమైతే, లోపల బొమ్మ పడే భాగం అందులో మూడింట రెండొంతులు ఉండేది. ట్యూబులు పోయాయి, పేర్లు మిగిలాయి. అందుకని అంగుళాలు వదిలేసి మిల్లీమీటర్లే చూడండి. మామూలు డిజీక్యామ్‌లలో ఎక్కువగా కనబడే 1/2.3 సెన్సార్ 6.17 ఇంటూ 4.55, వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లు. 1 అంగుళం అనే దానిది 116. నాలుగు రెట్లకు పైనే.

వైశాల్యం ఎందుకంత ముఖ్యం? వానొచ్చినప్పుడు హాస్టల్ టెర్రస్ మీద ఒక గ్లాసు, పక్కనే ఒక బక్కెట్ పెట్టారనుకోండి. కాసేపట్లో గ్లాసులో పడే చినుకులు తక్కువ, పైగా ఒకసారి 90 పడితే ఇంకోసారి 110 పడొచ్చు. కాంతి కూడా చినుకుల్లాగే, ఫోటాన్లుగా, ఇష్టమొచ్చినట్టు పడుతుంది. సగటున 100 ఫోటాన్లు పడే చోట తేడా అటూ ఇటూ 10, అంటే పది శాతం. 400 పడే చోట తేడా 20, అంటే అయిదే శాతం. ఇది పాయిజాన్ డిస్ట్రిబ్యూషన్, మ్యాథ్స్ పేపర్లో పది మార్కులకి వస్తుంది. ఈ తేడానే చీకటి ఫొటోల్లో ఇసక చల్లినట్టు కనబడే నాయిస్. సర్క్యూట్ ఎంత బాగా డిజైన్ చేసినా ఇది పోదు, ఎందుకంటే ఇది కాంతిలోనే ఉంది. దీనికి మందు ఒక్కటే, ఎక్కువ వెలుతురు పట్టడం. పట్టాలంటే సెన్సార్ పెద్దదన్నా అవ్వాలి, లెన్స్ వెడల్పుగా అన్నా తెరుచుకోవాలి. రెండూ అయితే మరీ మంచిది.

లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పేది ఎఫ్ నంబరు. ఇది తిరకాసు అంకె, చిన్నదైతే వెలుతురు ఎక్కువ, అది కూడా వర్గంలో. ఎఫ్ 3.6 లెన్స్ కన్నా ఎఫ్ 1.8 లెన్స్ నాలుగు రెట్లు కాంతినిస్తుంది. దీనికి నాలుగు రెట్ల సెన్సార్‌ని కలిపితే మొత్తం పదహారు రెట్లు. అదే తెర, అదే షట్టర్, అదే చోటు నుంచి తీసినా ఒక కెమెరా రెండోదానికి పదహారు రెట్లు కాంతి పోగేస్తుందన్న మాట. నాయిస్ లెక్కలో నాలుగు రెట్లు శుభ్రమైన ఫొటో. షాపువాడు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో చూపించే అంకెల్లో ఈ తేడా ఎక్కడా కనబడదు, లెన్స్ చుట్టూ చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

ఆ రాతని చదవడం నేర్చుకోండి. "1.8-4.9" అని ఉంటే జూమ్ చేయనప్పుడు ఎఫ్ 1.8, పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్ 4.9 అని అర్థం. అమ్మేవాళ్ళు మొదటి అంకె ఒక్కటే చెబుతారు. రెండో అంకె అడగండి. వెనక బెంచీలో కూర్చుని స్టేజీని జూమ్ చేసేవాళ్ళకి పనికొచ్చేది అదే.

జూమ్ గురించి ఒక్క మాట. 30 రెట్ల జూమ్ ఉన్న చిన్న కెమెరాలు ఉన్నాయి, జేబులోనూ పడతాయి. అంత జూమ్ ఆ సైజులో ఇరకాలంటే సెన్సార్ చిన్నదవ్వాల్సిందే, లెన్స్ ఇరుకవ్వాల్సిందే. అలాగని అవి చెత్తవేమీ కావు. కొల్లేరులో ఆటపాక వైపు పొద్దున పూట గూడబాతులు తీయాలంటే నేను అదే పట్టుకెళ్తాను, ఎండలో ఫోటాన్లకి కరువేముంది! తోలుబొమ్మలాటకి మాత్రం దాన్ని బ్యాగులోంచి కూడా తీయను. "మంచి కెమెరా ఏది" అన్న ప్రశ్నకి జవాబు రాకపోవడానికి కారణం ఇదే. ఏ వెలుతురులో, ఎంత దూరం నుంచి అన్నది ముందు చెప్పాలి. డిజిటల్ జూమ్ అనేది మాత్రం ఎవరికీ అక్కర్లేదు, అది కత్తెరతో అంచులు కోసి మిగతాది సాగదీయడమే.

ఇప్పుడు సీసీడీ గోల. "సీసీడీ కెమెరాలకి ఫిల్మ్ లుక్ వస్తుంది" అంటూ ఆన్‌లైన్‌లో పాత డిజీక్యామ్‌లని కొత్త ధరకి అమ్ముతున్నారు. సీసీడీ గొప్ప ఆవిష్కరణే. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ దీన్ని కనిపెట్టారు, 2009లో నోబెల్ వచ్చింది. నిప్పంటుకున్నప్పుడు మనుషులు వరసగా నిలబడి నీళ్ళ బక్కెట్లు చేతులు మార్చుకున్నట్టు, పిక్సెళ్ళలోని చార్జిని పక్కకి పక్కకి జరిపి చివర్లో కొలుస్తారు. తర్వాత వచ్చిన సీమాస్‌లో ప్రతి పిక్సెల్ దగ్గరా ఒక చిన్న యాంప్లిఫయర్ ఉంటుంది, అక్కడికక్కడే కొలత. ఈ తేడా వల్ల రంగు మారదు. రంగుని నిర్ణయించేది సెన్సార్ మీది ఎరుపు-పచ్చ-నీలం ఫిల్టర్లు, ఆ తర్వాత కెమెరా లోపలి ప్రాసెసింగ్. అందరూ మురిసిపోయే ఆ "లుక్"లో సగం పైన ఫ్లాష్ మహిమ. ఈ కెమెరాల్లో ఉండేది జెనాన్ ఫ్లాష్. ఫోన్లో ఎల్ఈడీ మెల్లగా వెలిగితే ఇది సెకనులో వెయ్యో వంతు కాలంలో భగ్గుమంటుంది. అందుకే మొహాలు మెరుస్తాయి, కదలిక గడ్డకడుతుంది, వెనక చీకటైపోతుంది. బర్త్‌డే కేకు మొహానికి పూసుకునే ఫొటోలకి అది నిజంగానే బాగుంటుంది. అది చాలనుకుంటే ఇంట్లో బీరువా పైన పడున్న మీ నాన్నగారి పాత కెమెరా బయటికి తీయండి. ఖర్చు సున్నా. సీసీడీ అన్న మూడక్షరాలకి అదనంగా వేలు పోయడం నాకు సమ్మతం కాదు.

అదే ఫ్లాష్ ఆడిటోరియంలో దండగ. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతు అవుతుంది కదా, చిన్న కెమెరా ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లు దాటితే చేతులెత్తేస్తుంది. వెనక నుంచి స్టేజీకి ఫ్లాష్ కొట్టేవాళ్ళు ముందు వరస వాళ్ళ తలకాయల్ని వెలిగిస్తున్నారంతే. తోలుబొమ్మలాటలో అయితే ఇంకా ఘోరం. అక్కడ వెలుగు తెర వెనక నుంచి, తోలులోంచి వడగట్టుకుని రావాలి. ముందు నుంచి ఫ్లాష్ పడితే గుడ్డ తెల్లబడి బొమ్మ మాయం.

ఆ తెర ముందు కెమెరా ఇంకో విధంగా కూడా మోసపోతుంది. చుట్టూ చీకటి, మధ్యలో ఒక్క తెర వెలుగు. మీటర్ మొత్తం ఫ్రేముని సగటు చూసి, "అబ్బో చీకటిగా ఉంది" అనుకుని ఫొటోని వెలిగించేస్తుంది. తెర తెల్లగా కాలిపోతుంది, ఎరుపు గులాబీ అవుతుంది. పెద్దాయన ఎరుపు పోయింది ఇక్కడే. దీనికి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని మైనస్ ఒకటికో, అంతకన్నా కిందకో దించాలి, లేదా మొత్తం మాన్యువల్‌లో పెట్టాలి. వైట్ బ్యాలెన్స్‌ని ఆటోలో వదిలితే బల్బు పసుపుని తప్పనుకుని చెరిపేస్తుంది, ఆ వెచ్చదనం ఉండాలంటే దాన్ని కూడా మనమే పట్టుకోవాలి. ఆంజనేయుడు గిర్రున తిరుగుతుంటే సెకనులో 125వ వంతు షట్టరైనా కావాలి. చాలామంది స్టెబిలైజేషన్ ఉందిగా అంటారు. అది మన చేతి వణుకుని ఆపుతుంది, ఆంజనేయుణ్ణి ఆపలేదు.

కాబట్టి మా షరతులు ఇలా తేలాయి. మాన్యువల్ మోడ్ ఉండాలి, సెన్సార్ 1 అంగుళమైనా ఉండాలి, లెన్స్ ఎఫ్ 2 కన్నా వెడల్పుగా తెరుచుకోవాలి, ధర 22 వేల లోపు. ఫుజీ ఎక్స్ 100 వరస, రికో జీఆర్ 3 లాంటివాటిలో సెన్సార్ దీనికి మూడు రెట్లు పెద్దది. కానీ జూమ్ లేదు, జీఆర్ 3కి ఫ్లాష్ కూడా లేదు. ధర సంగతి మాట్లాడుకోవద్దు, ఎక్స్ 100వీ అనే మోడల్ మీద సోషల్ మీడియా పిచ్చి పట్టాక సెకండ్‌హ్యాండ్‌లో కొత్తదాన్ని మించిన రేటుకి అమ్ముడుపోయింది. చివరికి రెండు మిగిలాయి. ఒకటి 2012లో వచ్చిన సోనీ ఆర్ఎక్స్ 100, రెండోది 2014 నాటి క్యానన్ జీ7 ఎక్స్. రెండింటికీ 1 అంగుళం సెన్సారే, 20 మెగాపిక్సెళ్ళే. మొదట్లో రెండూ ఎఫ్ 1.8, పూర్తి జూమ్‌లో సోనీ 4.9కి పడిపోతే క్యానన్ 2.8 దగ్గరే ఆగుతుంది. అంటే అక్కడ మూడు రెట్లు వెలుతురు ఎక్కువ. స్క్రీన్ కూడా పైకి తిరుగుతుంది. బ్యాటరీ మాత్రం కంపెనీ లెక్క ప్రకారమే 210 ఫొటోలు, సోనీది 330.

మనసు క్యానన్ వైపే లాగింది. మా రేటుకి దొరికినవాటిలో లెన్స్ శుభ్రంగా ఉన్నది సోనీ. అందుకని అదే కొన్నాం. జూమ్‌లో వెలుతురు పడిపోయే సమస్యకి పరిష్కారం ఖర్చులేనిది, ముందు వరసలో చాప వేసుకుని కూర్చోవడం.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళకి ఇక్కడి నుంచి అసలు పని. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి డబ్బు పంపొద్దు, చేత్తో పట్టుకుని చూడగలిగే చోట కొనండి. మేం కోఠిలో ఒక మధ్యాహ్నమంతా తిరిగాం. ఫోన్ టార్చి వేసి లెన్స్‌లోకి ఏటవాలుగా చూడండి. సాలెగూడు దారాల్లా కనబడితే ఫంగస్, వదిలేయండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం గాలి ఊళ్ళ నుంచి వచ్చిన కెమెరాల్లో ఇది ఎక్కువ చూశాను. తర్వాత లెన్స్‌ని ఎఫ్ 8కి మూసి తెల్లగోడని ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. బూడిదరంగు మచ్చలుంటే సెన్సార్ మీద దుమ్ము ఉన్నట్టు. ఈ కెమెరాల్లో లెన్స్ ఊడదు కాబట్టి శుభ్రం చేయాలంటే మొత్తం విప్పాల్సిందే. జూమ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి పదిసార్లు నడిపించండి, గరగర శబ్దం వచ్చినా, మధ్యలో ఆగినా వద్దు. చేత్తో లెన్స్ మూసి ఒక సెకను ఎక్స్‌పోజర్ ఇస్తే నల్లటి ఫ్రేములో ఎర్రటి, నీలం చుక్కలు ఎన్ని ఉన్నాయో తెలిసిపోతుంది. ఒకటీ అరా ఫరవాలేదు.

మరీ పాతవి కొంటే ఇంకా చిక్కులుంటాయి. 2000 తర్వాత తొలి ఏళ్ళలో తయారైన కొన్ని సీసీడీల్లో లోపలి సన్నతీగల అతుకులు వేడికీ తేమకీ ఊడిపోయేవి. ఫొటో ఊదారంగులో అడ్డదిడ్డంగా వచ్చేది, లేదా మొత్తం నల్లగా. 2005లో పలు కంపెనీలు ఉచితంగా మార్చి ఇచ్చాయి, ఇప్పుడెవరూ ఇవ్వరు. మెమరీ కార్డు సంగతీ చూసుకోండి. పాత ఒలింపస్, ఫుజీల్లో ఎక్స్‌డీ కార్డు, పాత సోనీల్లో మెమరీ స్టిక్, ఈ రోజు దొరకడమే కష్టం. ఎస్‌డీ కార్డు అయినా 2006కి ముందు కెమెరాలు 2 జీబీ దాటిన కార్డుని గుర్తుపట్టవు. మా ఫ్లోర్‌లో ఒకడు 64 జీబీ కార్డు పెట్టి కెమెరా పాడైందని అమ్మేయబోయాడు. బ్యాటరీ ఉబ్బిందేమో, ఇప్పటికీ దొరుకుతుందో లేదో కనుక్కోండి. ఆర్ఎక్స్ 100 బ్యాటరీనే ఆ తర్వాతి మోడళ్ళకీ వాడారు కాబట్టి మాకు ఆ బాధ తప్పింది. పైగా మామూలు మైక్రో యూఎస్‌బీతోనే చార్జి అవుతుంది.

అమెరికా నుంచి మామయ్యో, బాబాయో తెచ్చిస్తానంటే సంతోషమే, కానీ వీడియో తీసేవాళ్ళు ఒకటి గమనించాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని బల్బులు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. అక్కడ అమ్మే కెమెరాలు 60 హెర్ట్జ్ లెక్కన సెకనుకి 30, 60 ఫ్రేములు తీస్తాయి. కొన్నింట్లో మార్చుకునే వీలుండదు. మన ట్యూబులైట్ల కింద వీడియోలో చారలు పారతాయి. షట్టర్‌ని సెకనులో 50వ వంతుకో, 100వ వంతుకో కట్టేయగలిగితే చాలావరకు తగ్గుతుంది. జపాన్ నుంచి దిగుమతయ్యే సెకండ్‌హ్యాండ్ కెమెరాల్లో కొన్నింటికి మెనూ జపనీస్‌లో తప్ప ఇంకో భాషలో రాదు. కొనేముందు మెనూ తెరిచి చూడండి.

క్లబ్బు కెమెరాకి ప్రస్తుతం నేను పెట్టిన సెట్టింగులు: మాన్యువల్ మోడ్, ఎఫ్ 1.8, సెకనులో 125వ వంతు, ఐఎస్ఓ 800, ఫ్లాష్ ఆఫ్, రా ప్లస్ జేపెగ్. హాస్టల్ కారిడార్‌లో పంచె కట్టి, వెనక బల్బు పెట్టి, ఎర్ర అట్టముక్కతో ప్రయత్నించాం, ఎరుపు ఎరుపుగానే వచ్చింది. అసలు తెర వెలుగు ఇంకాస్త ఎక్కువుంటే ఐఎస్ఓ 400కి దించుతాం. ఆట మొదలయ్యే ముందు వినాయకుడి బొమ్మ తెర మీదికి వచ్చినప్పుడే రెండు ఫొటోలు తీసి చూసుకుంటే సరిపోతుంది. పేజీలు తీసేటప్పుడు మాత్రం కిటికీ పక్కన, కొంచెం జూమ్ చేసి, దూరం నుంచి తీయండి. దగ్గర నుంచి వైడ్‌లో తీస్తే పేజీ అంచులు ఉబ్బినట్టు వంగుతాయి.

కెమెరా క్లబ్బు గది బీరువాలో, సిలికా జెల్ ప్యాకెట్లు వేసిన స్టీలు డబ్బాలో ఉంది. తీసుకెళ్ళేవాళ్ళు రిజిస్టర్‌లో పేరు, రూమ్ నంబరు రాయండి, తెచ్చేటప్పుడు బ్యాటరీ చార్జి చేసి తెండి. 29న ముందు వరసలో చాపల మీద ఇద్దరికే చోటుంది, ఒకరు ఫొటోలకి, ఒకరు వీడియోకి. ఆసక్తి ఉన్నవాళ్ళు 20వ తేదీలోపు ఒక సాయంత్రం గదికి రండి, పంచె తెర ఇంకా విప్పలేదు.